పెద్దమ్మ నోరు మూసుకున్న నలభై రోజులు

పోయిన ఆదివారం మేం వెళ్లే చర్చిలో ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. నాలుగు స్పీకర్లు, కీబోర్డు, పాస్టరు గారి చేతిలో మైకు ఒక్కసారే మూగబోయాయి. జనరేటరు అందుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ అంతమందిమి ఏం చేయాలో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా పక్కనున్న అమ్మాయి ఫోను తీసింది. వెనక వరసలో ఎవరో చంటిబిడ్డ పాలసీసా పీలుస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. నాకు నవ్వొచ్చింది. ఇలాంటి నిశ్శబ్దం నేను అంతకుముందు ఒక్క చర్చిలోనే విన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఊరు తిరువూరు. ఆ నిశ్శబ్దానికి కారణం మా పెద్దమ్మ.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. అమ్మ విస్సన్నపేట అవతల ఒక చిన్న ఊళ్లో పంతులమ్మ. అక్కడ మూడో తరగతి దాటి లేదు గనక నన్ను చదువుకోసం పెద్దమ్మ దగ్గర ఉంచింది. పెదనాన్న బియ్యం మిల్లులో పని చేసేవాడు. ఇంటికి వస్తే ఒంటినిండా తవుడు వాసన. వాళ్లకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో మాటలన్నీ పెద్దమ్మవే. పెదనాన్న రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు 'ఊ' అనడమే.

పెద్దమ్మ గొంతు అలాంటిది మరి. వానలు పడి చెరువు కింద పొలాలు దమ్ము చేశాక, పొద్దున్నే వీధి మొగలో నిలబడి "రండే అమ్మా, పొద్దెక్కిందీ" అని ఒక్క కేక వేస్తే ఇరవై మంది ఆడవాళ్లు చద్దిగిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్లు. ఆ నాట్ల ముఠాకి ఆమే పెద్ద. మడిలో దిగాక పాట ఆమే ఎత్తుకునేది. మిగతావాళ్లు అందుకునేవాళ్లు. పాట నడక ఎంతో చేతుల నడక అంత. ఆమె పాడిన రోజు ఎకరం మడి గంట ముందే నిండుతుందని కామందులు చెప్పుకునేవాళ్లు. ఆదివారం చర్చిలోనూ అంతే. హార్మోనియం లేదు, తబలా లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, పాట పేరు చెప్పి పెద్దమ్మ వైపు చూసేవారు. ఆమె పల్లవి ఎత్తితే రేకుల కప్పు మోగేది.

ప్రార్థన కూడా ఆ గొంతుతోనే. తెల్లారగానే దొడ్లో గడ్డివాము పక్కన గోనెసంచి మడిచి వేసుకుని మోకరించేది. నోరు తెరవకపోతే దేవుడికి ఎలా తెలుస్తుందని ఆమె వాదన. కాబట్టి వీధిలో ఎవరి కష్టమైనా ముందు దేవుడికి, ఆ మరుక్షణం వీధికంతటికీ తెలిసేది. ఎవరి సంబంధం తప్పిపోయింది, ఎవరి అల్లుడు అలిగి వెళ్లిపోయాడు, అన్నీ. "ప్రభువా, ఈ మనిషి నిన్న మళ్లీ బీడీ కాల్చాడు, నువ్వే చూసుకో" అని ఆమె అంటుంటే నూతి దగ్గర మొహం కడుక్కుంటున్న పెదనాన్న, "చూసుకుంటాడ్లే, కాస్త మెల్లిగా చెప్పు" అనేవాడు.

ఆ ఏడు నాట్లకి ముందు చర్చిలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు జరిగాయి, పొద్దూ రాత్రీ పాటలూ ప్రార్థనలే. పెద్దమ్మ మూడు రోజులూ పాడింది. నాలుగో రోజు మడిలో దిగింది. వారం తిరిగేసరికి గొంతులోంచి మాట బదులు గాలి వస్తోంది. మిరియాల కషాయం, తమలపాకు రసం, కరక్కాయ ముక్క అన్నీ అయ్యాయి. ఇల్లంతా శొంఠి వాసన వేసింది గానీ గొంతు రాలేదు. పెదనాన్న మిల్లుకి సెలవు పెట్టి బెజవాడ తీసుకెళ్లాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనని నేనూ ఎక్కాను బస్సు.

నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకున్న డాక్టరు ఆమె నోట్లోకి చాలాసేపు చూశాడు.

"పార పట్టిన చేతికి కాయలు కాస్తాయి చూశావా అమ్మా? నీ గొంతులో అలాంటివి కాశాయి. నలభై రోజులు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు."

పెద్దమ్మ అరచేతులు చూసుకుంది.

"మాట్లాడితే ఏమవుద్దండీ?" అన్నాడు పెదనాన్న.

"ఆపరేషను చెయ్యాల్సి వస్తుంది. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. అసలు ఉంటుందనీ చెప్పలేను."

తిరుగు బస్సులో మైలవరం దాటేదాకా పెద్దమ్మ కిటికీలోంచి మడులే చూసింది. ఎక్కడ చూసినా నాట్లు పడుతున్నాయి.

మర్నాడు పొద్దున ముఠాని పిలవడానికి ఆమె ఇత్తడి పళ్లెం, గరిటె పట్టుకుని వీధి మొగకి వెళ్లింది. టంగు టంగుమని కొట్టింది. ఒక్క ఆడమనిషి రాలేదు. పిల్లలం మాత్రం వచ్చాం, ముప్పై మందిమి, గిన్నెలతో. బళ్లో పసుపు రవ్వ ఉప్మా పెట్టేటప్పుడు అలాగే కొట్టేవాళ్లు. ముక్కు తుడుచుకుంటూ వరసలో నిలబడ్డ మమ్మల్ని చూసి పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. చివరికి నేను ఇంటింటికీ పరిగెత్తి పిలిచాను.

చర్చిలో సంగతి ఇంకా ఘోరం. ఆ ఆదివారం పాట అయ్యగారే ఎత్తుకున్నారు. పాపం, పెద్దమ్మ శ్రుతిని గుర్తుపెట్టుకుని ఎత్తుకున్నారు. పల్లవి గట్టెక్కింది. చరణం పైకి పోయేసరికి ముందు మగవాళ్లు ఆగారు, తర్వాత ఆడవాళ్లు ఆగారు, ఆఖరికి అయ్యగారొక్కరే చెట్టెక్కిన మేకలా మిగిలారు. దగ్గొచ్చినట్టు నటించి, "వాక్యం చదువుకుందాం" అన్నారు. పెద్దమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

అన్నిటికంటే ఆమెకి పెద్ద చిక్కు పొద్దుటి ప్రార్థన. గొంతు బాగుచేయమని అడగాలి. అడగాలంటే గొంతు కావాలి. రెండు రోజులు గోనెసంచి మీద నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చుంది. మూడో రోజు నన్ను లేపి దొడ్లోకి లాక్కెళ్లి పక్కన మోకరింపజేసింది. చేతులతో సైగ చేసి, నా నోరు చూపించి, ఆకాశం చూపించింది. నేను ఆమె నోరన్నమాట.

నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. దేవుడితో మాట్లాడే ఉద్యోగం! కాకపోతే ఆమె సైగలు నాకు సగమే అర్థమయ్యేవి. ఆమె రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి, పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది.

"ప్రభువా, మా గేదెకి కడుపుబ్బరం తగ్గించు."

తొడపాశం.

"కాదు కాదు ప్రభువా, అది కాదంట. గేదె సుఖంగా ఈనేట్టు చెయ్యమంటంది."

కళ్లద్దాలు సైగ చేస్తే అయ్యగారు. మీసం మెలేస్తే కామందు. రెండు వేళ్లు పెదాల దగ్గర పెడితే పెదనాన్న. గొంతు తడిమి, పైకి చూస్తే అది ఆమె గొంతు సంగతి. అది రోజూ ఉండేది, ఒకటికి నాలుగుసార్లు. మధ్యలో నా కోరికలు కూడా కలిపేదాన్ని. "ఇంకా ప్రభువా, పెద్దమ్మ నాకు ఎర్ర రిబ్బను కొనేట్టు సాయం చెయ్యి." తొడపాశం. "వచ్చే వారం మా అమ్మ వచ్చేటప్పుడు నువ్వుల జీళ్లు తెచ్చేట్టు..." ఇంకో తొడపాశం. తొడ ఎర్రగా కందిపోయేది గానీ, వీధికి నా గొంతు వినిపిస్తోందన్న సంతోషం ముందు అదొక లెక్క కాదు.

పన్నెండో రోజో పదమూడో రోజో, రాత్రి కురిసిన వానకి వాము తడిసి, తడిగడ్డి వాసన కమ్ముకున్న పొద్దున. పెద్దమ్మ ఆ రోజు గేదె జోలికి పోలేదు. రెండు చేతులు కలిపి ఉయ్యాలలా ఊపింది. ఆకాశం వైపు చూసింది. చేతులు విప్పి ఖాళీగా చూపించింది. తర్వాత గొంతు పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఉయ్యాల ఊపింది.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. కళ్లు మూసుకుని, నాకున్న గొంతంతా పెట్టి అన్నాను: "ప్రభువా! మా పెద్దమ్మకి ఒక బిడ్డని ఇయ్యి!"

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈ వయసులోనా?" అని ఇంకో గొంతు.

వీపు మీద దెబ్బ పడింది. అంతవరకు పెద్దమ్మ నన్ను గిల్లిందే తప్ప కొట్టలేదు. నేను లేచి నిలబడ్డాను. "నీ ప్రార్థన నువ్వే చేసుకో, పో! నేను చెప్పను. ఎప్పటికీ చెప్పను!" అని అరిచి, పరిగెత్తి వాము వెనక దాక్కున్నాను.

పెద్దమ్మ వచ్చి పిలుస్తుందని ఎదురుచూశాను. కాసేపటికి గానీ నా బుర్రకి తట్టలేదు, ఆమెకి పిలిచే గొంతు లేదని. గడ్డిలోంచి తొంగిచూశాను. ఆమె అక్కడే ఉంది. చేతులు గాలిలో లేస్తున్నాయి, ఆగిపోతున్నాయి. ఏ సైగ చేసినా చదివేవాళ్లు లేరు. మళ్లీ ఒకసారి లేచాయి. ఈసారి మెల్లిగా ఒళ్లో పడిపోయాయి. ఇక లేవలేదు.

అంతసేపు పెద్దమ్మ కదలకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. గడ్డి చివర్లనుంచి చుక్కలు పడుతున్నాయి. గేదె నెమరేస్తోంది. దూరంగా మిల్లు బెల్టు అందుకున్న చప్పుడు. నాకు ముక్కు కారుతోంది, ఆకలేస్తోంది, కోపం మాత్రం తగ్గట్లేదు. తొంగిచూసిన ప్రతిసారీ ఆమె అలాగే ఉంది, కళ్లు మూసుకుని. ఆఖరిసారి చూసినప్పుడు మాత్రం మొహం మారింది. నవ్వుతోంది. చెరువులో దిగి, మొదటి వణుకు పోయాక, నీళ్లు హాయిగా అనిపించినప్పుడు నవ్వుతామే, అలా.

లేచి తిన్నగా వాము వెనక్కి వచ్చింది. వెతకలేదు, తిన్నగా వచ్చింది. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లి చద్దన్నంలో గడ్డపెరుగు కలిపి, ఉల్లిపాయ చితక్కొట్టి, మాగాయ టెంక నా పళ్లెంలో వేసింది. టెంక ఎప్పుడూ పెదనాన్న వాటా.

ఆ తర్వాత నన్ను ప్రార్థనకి లేపలేదు. ఉద్యోగం ఊడింది. రెండు రోజులు ఉక్రోషంగా ఉండి, మూడో రోజు నాకై నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు తెరవకుండానే గోనెసంచి కాస్త నా వైపు జరిపింది. రెండు నిమిషాలు కూర్చోగలిగాను. మూడో నిమిషంలో చీమ కుట్టింది.

ఆ ఆదివారమే చర్చిలో ఆ సంగతి జరిగింది. మా చర్చిలో ప్రార్థన అంటే అందరూ ఒకేసారి, ఎవరి మాటలు వాళ్లు, గట్టిగా. పక్కవాడిది పక్కవాడికి వినపడని హోరు. పెద్దమ్మ ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నిశ్చలంగా. పక్కనున్న ఆమె ఒక కంట చూసింది. ఏమనుకుందో ఏమో, తనూ ఆపింది. ఆమెని చూసి వెనకామె. అలా ఆడవాళ్ల వైపంతా సన్నగిల్లింది. ఇదేంటని మగవాళ్లు ఆగారు. మిగిలింది అయ్యగారి గొంతొక్కటే. తన గొంతు తనకే వినిపించేసరికి ఆయన ఉలిక్కిపడి ఒక కన్ను తెరిచారు. జనమంతా లేచి వెళ్లిపోయారనుకున్నారట! అందరూ కూర్చునే ఉన్నారు. ఆయన నోరు తెరిచి, మూశారు. పిచ్చుక ఒకటి దూలం మీద గడ్డిపోచ సర్దుకుంటోంది. ఎంతసేపో తెలియదు. ఎవరికీ ఆమెన్ అనాలనిపించలేదు. చివరికి అయ్యగారు 'ఆమెన్' కూడా మెల్లిగా అన్నారు, నిద్రపోతున్న బిడ్డ పక్కనుంచి లేచినట్టు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు మా అరుగు ఖాళీగా ఉండేది కాదు. నాట్ల పని లేని రోజు ఒకామె వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చునేది. కాసేపు ఊరికే ఉండేది. తర్వాత గొంతు తగ్గించి ఏదో చెప్పుకునేది. అంతకుముందు పెద్దమ్మకి చెబితే వీధికి చెప్పినట్టే. ఇప్పుడు చెబితే మాట బయటికి పోదు. మొదట ఆ ధైర్యంతోనే వచ్చి ఉంటారు. తర్వాత చెప్పుకోవడానికేమీ లేనివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఒకరోజు కామందు గారి భార్య వచ్చింది. పొలం గట్టు మీద గొడుగు కింద తప్ప ఆమెని నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్లు పూజలు చేసుకునేవాళ్లు, మా గుమ్మం తొక్కేవాళ్లు కాదు.

"నువ్వు కాసేపు ఆడుకో పోవే" అంది నాతో. తర్వాత పెద్దమ్మతో, "నువ్వేం చెప్పొద్దులే. ఊరికే కూచుంటాను" అంది.

గంట తర్వాత నేను వచ్చేసరికి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మంచినీళ్లు అడిగింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, కుండలోంచి చెంబు ముంచి ఇచ్చింది. ఆమె తాగింది. అదెంత పెద్ద విషయమో ఆ రోజు నాకు తెలియదు. ఏడుపు దేనికన్నది ఇప్పటికీ తెలియదు. పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదు, గొంతు వచ్చాక కూడా.

ఇంట్లో ఇంకో వింత. పెదనాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. అన్నాల దగ్గర మిల్లు కబుర్లు, తన చిన్నప్పుడు పెనుగొలను వైపు మామిడితోటలో కాపలాదారుకి దొరికిపోయిన కథ. పెద్దమ్మ పొట్టపట్టుకుని నిశ్శబ్దంగా నవ్వేది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు పెదనాన్నా?" అంటే, "సందు దొరికితేగా!" అన్నాడు.

నలభయ్యో రోజు మళ్లీ బెజవాడ. ముందురోజు రాత్రి నుంచీ పెద్దమ్మ అన్నం ముట్టలేదు. డాక్టరు అద్దం కట్టుకుని చూస్తుంటే పెదనాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"కాయలు కరిగాయమ్మా. ఇక మాట్లాడు, మెల్లిగా."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నోరు మాత్రం తెరవలేదు. వేలు పైకి చూపించింది.

"ఏంటి?" అన్నాడు డాక్టరు.

పాత ఉద్యోగం నాకు మళ్లీ దొరికింది. "మొదటి మాట దేవుడికేనంటండీ. మా ఊరెళ్లి చర్చిలో అంటదంట."

ఆయన నవ్వి, "సరే, దేవుడి తర్వాతే నేను" అన్నాడు.

బస్సులో పెదనాన్న టికెట్లు తీస్తున్నాడు. "రెండు ఫుల్లు, ఒక హాఫు."

కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఆ వయసుకి పొడుగు. "దీనికి హాఫేంటయ్యా? పెళ్లికెదిగిన పిల్లని పట్టుకుని!"

"దానికి తొమ్మిదేళ్లే!"

బస్సంతా ఇటు తిరిగింది. ఎవరన్నారా అని నేనూ తిరిగాను. గొంతు పెద్దమ్మది కాదు. బొంగురుగా, బరువుగా, నిండు కుండ మీద తట్టినట్టుంది. ఆమే రెండు చేతులతో నోరు మూసుకుంది. నలభై రోజులు దేవుడి కోసం దాచిన మాట కండక్టరు పాలైంది. పెదనాన్న ముందు నవ్వాడు. తర్వాత నేను. కండక్టరు బిత్తరపోయి హాఫ్ టికెట్టు చింపి ఇచ్చాడు. పెద్దమ్మ ఆకాశం వైపు చూసి, "నువ్వే చూశావుగా, నేనేం చెయ్యను!" అంది. దాంతో రెండో మాట ఆయనకి దక్కింది.

బస్టాండు నుంచి నడిచి వస్తూ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు నిన్ను కొట్టాను. నొప్పెట్టిందా?"

"బిడ్డని ఇవ్వమని సైగ నువ్వే చేశావుగా!"

"పిచ్చిపిల్లా. బిడ్డల్ని ఇవ్వలేదు, నేనేం అనలేదు. ఈ గొంతొక్కటి ఇచ్చావు, అదీ తీసుకుంటావా అని అడిగాను." నా భుజం మీది చెయ్యి తీసి కొంగు సర్దుకుంది. "నువ్వేమో పారిపోయావు. ఇక నా గోడు ఎవరు చెబుతారని కూలబడ్డాను. వాము వెనక నువ్వు ముక్కు ఎగబీలుస్తున్నావు. ఒక్క మాట లేదు. అయినా నీ కడుపులో ఉన్నదంతా నాకు తెలిసిపోయింది. కోపం, ఆకలి, నేనొచ్చి పిలవాలని ఆశ. నాకే ఇంత తెలిస్తే ఆయనకి తెలీదా? ఇన్నేళ్లూ ఎందుకంత అరిచానా అని నవ్వొచ్చింది."

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. పెద్దమ్మ గొంతు వచ్చిందని అందరికీ తెలుసు, పాటకి ఎలా ఉందో తెలియదు. అయ్యగారు పాట పేరు చెప్పి, భయంభయంగా ఆమె వైపు చూశారు. ఆమె వెంటనే ఎత్తుకోలేదు. కళ్లు మూసుకుని కాసేపు ఊరుకుంది. తర్వాత మొదలుపెట్టింది, మునుపటికంటే చాలా కిందినుంచి. మునుపటి గొంతు ఇక రాదని ఆ మొదటి ముక్కతోనే అందరికీ అర్థమైంది. రేకులు మోగలేదు. ఒకరిద్దరు ఆడవాళ్లు తలలు వంచుకున్నారు.

చరణం పైకి వెళ్లింది. ఎవరూ ఆగలేదు. అంత కిందినుంచి ఎత్తుకున్న పాట అందరికీ అందింది. ఇన్నేళ్లుగా పెదాలు మాత్రం కదిపిన మగవాళ్లు పాడుతున్నారు. అయ్యగారు పాడుతున్నారు. వెనక గోడ దగ్గరనుంచి ఒక గొంతు, నూనె రాసినంత నున్నగా, తాళం తప్పకుండా వస్తోంది. పెద్దమ్మ పాడుతూనే వెనక్కి తిరిగి చూసింది. పెదనాన్న. ఆయన పాడగలడని మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన పెద్దమ్మకీ తెలియదు.

ఆమె ఒక్క ముక్క పాడటం ఆపేసి విన్నది. పాట మాత్రం ఆగలేదు.